గీత దాటితే తెగిపోయే కూత

1999లో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఆయాసంతో వచ్చేవాళ్ళకు ఊపిరి వ్యాయామాలు నేర్పడం నా పని. ఒక ఉదయం డాక్టరు గారే ఒక అమ్మాయిని నా గదికి తీసుకొచ్చారు.

"స్పైరోమెట్రీ చేయించానమ్మా. మన ఇద్దరికీ లేనంత ఊపిరి ఉంది ఈ పిల్లకి. అయినా ఆడట్లేదంటోంది. అబద్ధమాడే మనిషిలా లేదు. కాస్త కూర్చోబెట్టి మాట్లాడు" అన్నారు. స్పైరోమెట్రీ అంటే గొట్టంలోకి బలంగా ఊదించి ఊపిరితిత్తుల సత్తా కొలిచే పరీక్ష.

ఆమె పేరు నాగలక్ష్మి. కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం. కబడ్డీ బాగా ఆడుతుందనే ఒక ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. ఆ ఆఫీసు జట్టులో ఆమె రైడర్, అంటే కూతపెడుతూ అవతలి జట్టు వైపుకి వెళ్ళి తాకి వచ్చే మనిషి. కొన్నాళ్ళుగా మధ్య గీత దాటగానే కూత తెగిపోతోంది. ఆఫీసులో పై అధికారి కేకలేసినా అదే ఆయాసం. రాబోయే పోటీల్లోనూ ఇంతే అయితే జట్టులోంచి తీసేస్తామన్నారట.

కూత పెట్టమన్నాను. గది మార్మోగింది. ఎంతకీ ఆగలేదు.

"ఇక్కడ బానే వస్తుందండి. అక్కడే..." అని తల దించుకుంది.

"అక్కడేమైంది?"

"పోయినేడు పామర్రులో ఆటండి. నన్ను పట్టేసి అందరూ మీద పడ్డారు. నోట్లో మట్టి. అరుద్దామంటే గాలి లేదు. అయిపోయాననుకున్నానండి. లేచాక జనం చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వేశాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"భయమంటే రైడర్ని ఎందుకుంచుతారు మేడం?"

ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పాను. కానీ అది ఒక్కటే సరిపోదనిపించింది. ఆమె ఒప్పుకున్నాకే కోచ్ గారిని రప్పించాను. ఆమే చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది. "బద్ధకమనుకున్నానమ్మా. గ్రౌండు చుట్టూ ఇంకా పరిగెత్తించాను" అన్నారు.

ఆ తర్వాత కంకిపాడు గ్రౌండులో ఆయన ఆమెచేత ముందు ఎవరూ లేని కోర్టులో కూత పెట్టించారు. కూత నిలిచాక ఒక్కొక్కరినే ఎదురుగా నిలబెట్టారు. పోటీల రోజు నేనూ వెళ్ళాను. మొదటి రైడ్‌లోనే కూత తెగింది. ఆమె తెల్లబోయి బయటికి వచ్చింది. కోచ్ గారు అరవలేదు, పక్కకి జరిగి చోటిచ్చారు. మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు ఒకరిని తాకి, కూత తెగకుండా గీత దాకా వచ్చేసింది. ఆట మాత్రం ఓడిపోయారు.

ఆ ఏడాది చివర రైడింగ్ మానేసి, రైడర్లను పట్టే వైపుకి మారింది. అది ఆమె నిర్ణయమే. "కాలు పట్టి ఆపుతానండి. మీద మాత్రం పడను" అంది. జట్టులోనే కొనసాగింది.

భయపడ్డానని చెప్పుకోనివ్వకపోతే ఆ భయాన్ని ఒళ్ళే మోస్తుందని నాకు ఆమె వల్ల తెలిసింది. అప్పటి నుంచి ఆయాసమని వచ్చినవాళ్ళను, ఈమధ్య ఏం జరిగిందని కూడా అడుగుతున్నాను. కొందరు చెప్పరు. అయినా అడుగుతాను.