జ్వరాన్ని మోసం చేసిన అంగీ

ఆ రోజుల్లో మా మేడ్చల్‌ల జ్వరం వచ్చుడు వింత కాదు, పోయిన జ్వరం మళ్ళొచ్చుడే వింత. నాకు పదహారేండ్లప్పుడు శామీర్‌పేట చేపలోళ్ళ సంబంధం కుదిరింది. పిలగాడు మస్తు నచ్చిండు (ఆ మాట అప్పుడే పైకంటే అవ్వ వాత పెట్టేది). లగ్గం దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. దిగుతది, వారానికి మళ్ళొస్తది. రెండుసార్లు లగ్గం వాయిదా పడ్డది. "ఇంకోసారి మంచం పడితే వేరే పిల్లను చూసుకుంటం" అని వాళ్ళు కబురంపిండ్రు.

నాయిన నన్ను బండ్లె దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు సాబు నా నెత్తురు చుక్కను పెద్దగ చూపే అద్దం కింద పెట్టి చూసిండు. "పేలు మోసుకొచ్చే పురుగిది. ఒంట్ల కావలోళ్ళు గుర్తుపట్టి కొడుతుంటే, కొన్ని పురుగులు అంగీ మార్చుకొని తప్పించుకుంటయి. అదను చూసి మళ్ళ పాత అంగీ కూడ తొడుగుతయి. బట్టలన్నీ ఉడకబెట్టుండ్రి" అని సూదిచ్చిండు.

అవ్వ అంతా విన్నది. "కంటికి కనబడని పురుగుకున్న తెలివి మనకు లేదా? మనమూ అంగీ మారుద్దాం. జ్వరమొచ్చి, పిల్లకు బదులు పిలగాణ్ణి చూసి మర్లిపోతది" అన్నది. నా చీరలు కాగుల ఉడుకుతుంటే నాకు మా అన్న ధోతి, అంగీ, నెత్తికి రుమాలు. పేరు పెంటయ్య!

సరిగ్గ అప్పుడే నాకు కాబోయే మామ గంపల కొరమట్ట చేపలు పట్టుకొని దిగిండు. వాకిట్ల నేనే ఉన్న. "ఏం పిలగా, మీ అక్కకెట్లుంది?" అన్నడు. నా బతుకంతా నా నోట్లెకొచ్చి కూసున్నది. "అక్కకేంది పెద్దయ్యా, రాయి లెక్కుంది! నీళ్ళ బిందె ఒంటిచేత్తోని లేపుతది. చేపల పులుసు పెడితే గిన్నె నాకాల్సిందే. గసుంటి పిల్ల మీకు గోల్కొండ దాక దేవులాడినా దొరకది!" ఆయన నవ్వకుంట విని, లోపలికి పోయి, "అక్కను గింతగ పొగిడే తమ్ముణ్ణి నేనేడ చూడలే. అవ్వా, గీ పిలగాన్నే మాకియ్యి. లగ్గంనాడు మాత్రం చీర కట్టియ్యి" అన్నడు.

జ్వరం మళ్ళ రాలే. పని చేసింది సూదో, ఉడుకునీళ్ళో. అవ్వ మాత్రం అంతా పెంటయ్య పుణ్యమే అన్నది.

అత్తగారింట్ల ఇగ నేనే పురుగునైన. నెత్తి మీద కొంగు, సన్నటి గొంతు. మేడ్చల్‌ల అవ్వగారింటికొస్తె మళ్ళ పాత అంగీ. శామీర్‌పేటల మామ ఒక్కడే, వల అల్లుకుంట, ఎవ్వరూ లేనప్పుడు "పెంటయ్యా, ఏం సంగతి?" అని పిలుస్తుండె. అప్పుడు కొంగు ఏడ పడ్డదో చూసుకోకుంట మాట్లాడేదాన్ని. ఆయన పోయి శాన ఏండ్లాయె. ఇప్పుడు ఇంట్ల నేనే పెద్దను, కొంగు కప్పుకొమ్మనేటోళ్ళు లేరు. అయినా గడపల చెప్పుల సప్పుడైతే చెయ్యి దానంతటదే కొంగు గుంజుతది. నవ్వొస్తది. పాత అంగీ తొడుక్కునుడుల ఆ పురుగే నయం.