కడోదరాలో లేని మనిషి నేసిన గుడ్డ

మధ్యాహ్నం రెండున్నరకు సికింద్రాబాద్ స్టేషన్‌లో నిలబడేసరికి నా సంచీలో రెండు రిపోర్టులున్నాయి. ఒకటి ఆర్‌టీపీసీఆర్. నాకు కరోనా లేదంటుంది. రెండోది ఈఆర్‌పీ. సూరత్ పక్కన కడోదరాలో ఒక బట్టల కంపెనీలో, ఏడాదిగా అక్కడ లేని మనిషి గుడ్డ నేస్తున్నాడంటుంది. మొదటిది నెగెటివ్ వచ్చిందని సంతోషించాను. రెండోదాని సంగతి తేల్చకపోతే నా ఉద్యోగమే నెగెటివ్.

ఈఆర్‌పీ అంటే నూలు రాక నుంచి గుడ్డ పోక దాకా కంపెనీ పనులన్నిటినీ ఒకే తెర మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్. రెండేళ్ళ కిందట వాళ్ళకు అమ్మి, పెట్టి, నేర్పి వచ్చింది నేనే. కాంట్రాక్టు పొడిగించే వేళకు కంపెనీ యజమాని సేఠ్ ఫోన్ చేసి, "మీ కంప్యూటర్ దెయ్యాలతో నేయిస్తోంది, వచ్చి తీసుకుపొండి" అన్నాడు. మా బాసు నాతో, "సంతకంతో రా. లేకపోతే తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. కరోనా వచ్చాక మా ఆఫీసులో 'తర్వాత మాట్లాడుకున్న' వాళ్ళెవరూ తర్వాత కనిపించలేదు.

రాజ్‌కోట్ వెళ్ళే స్పెషల్ రైలు సమయానికే కదిలింది. ఈ రోజుల్లో వెళ్ళేవారు తిండి, నీళ్ళు కట్టుకుపోవడం మంచిది. నేను పులిహోర కట్టుకుపోయాను. తాండూరు దాటాక తింటుంటే ఎండుమిరపకాయ గొంతుకు తగిలి దగ్గొచ్చింది. బోగీలో మాస్కులన్నీ ఒక్కసారి ముక్కుల మీదికి ఎక్కాయి.

"మిరపకాయ అండీ" అన్నాను.

"అందరు గట్లనే అంటరు సార్" అన్నాడు ఎదుటి సీటాయన, కిటికీ వైపు జరుగుతూ.

ఆయన పేరు పోశయ్య. జగిత్యాల వైపు ఊరు. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి, ఏడాదికి మళ్ళీ సూరత్ దగ్గరి ఉన్‌కు సాంచెల పనికి పోతున్నాడు. పవర్‌లూమ్‌ని వాళ్ళు సాంచె అంటారు.

"ఇన్నాళ్ళ తర్వాత పోతే పని ఉంటుందా?"

"ఎందుకుండదు సార్? నా సాంచెలు ఇంకోనికి పోకుండ మా బామ్మర్ది నిలవెట్టిండు గద."

ఎలా నిలబెట్టాడని అడగాలి. నేను అడగలేదు. నా బుర్రలో అప్పటికే సేఠ్ కూర్చుని ఉన్నాడు, ఇంకొకరికి చోటు లేదు.

పొద్దున ఎనిమిదింటికి సూరత్. బయటికొచ్చే దారిలో రిపోర్టు లేనివాళ్ళకు ముక్కులో పుల్ల పెడుతున్నారు. నా కాగితం చూసిన ఆమె ఒక్క క్షణం ఎక్కువగా చూసేసరికి నాకు ఒళ్ళంతా జ్వరమొచ్చినట్టయింది. వదిలేసింది. బండి మీద లోచో తిన్నాను. సెనగపిండితో ఖమణ్ చేయబోతే కుదరక పుట్టిన వంటకం అంటారు. వేడిగా, మెత్తగా, పైన కారప్పూస చల్లి ఇస్తారు. కుదరని పనిని కూడా ఇంత రుచిగా చూపించవచ్చని తెలిసి నాకు కాస్త ధైర్యమొచ్చింది. షేర్ ఆటోలో కడోదరా చార్ రస్తా కూడలికి చేరి, హైవే పక్కనే లాడ్జిలో సంచీ పడేసి, పదకొండుకు కంపెనీలో ఉన్నాను.

సేఠ్ తెరవైపు వేలు చూపించాడు. "గంగారాం. పోయిన లాక్‌డౌన్‌లో ఊరికి పోయాడు. నిన్న కూడా నేశాడట! సాహెబ్, దో సాల్ హో గయే. ఫాయిదా క్యా హువా, ఏం లాభం? మొదటి ఏడాదంతా కాగితం మీద ఒకసారి, దీంట్లో ఒకసారి రాసుకుంటూ చచ్చాం. రెండో ఏడాది దెయ్యాలు. సాయంత్రం దీన్ని ఆపేసి వెళ్ళండి."

తెర ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తలేదు. స్వప్న. కరీంనగర్ వాళ్ళ అమ్మాయే గాని పుట్టింది సూరత్‌లో. వాళ్ళ నాన్న నర్సయ్య ఆ షెడ్డుకే జాబర్, అంటే సాంచెలు బాగుచేసి మనుషులను చూసుకునే పెద్ద. రెండేళ్ళ కిందట నాకు పడుగేదో పేకేదో నేర్పింది ఆయనే. అప్పటిదాకా నాకు తెలిసిన పేక ముక్కలాటే.

షెడ్డులో సాంచెల చప్పుడుకు మాటలు వినపడవు. భోజనాల వేళ వెనక వరండాకు పోయి, తండ్రీకూతుళ్ళకు ఎడంగా కూర్చుని అడిగాను.

"నర్సన్నా, గంగారాం ఎవరు?"

ఆయన రొట్టె ముక్క తుంపి, కూరలో అద్ది, తినకుండా పట్టుకున్నాడు. "మనోడే సార్. వాడు ఊళ్ళె ఇరుక్కపోయిండు. పేరు తీస్తే సేఠ్ ఆ సాంచెల మీద ఇంకోన్ని వెడ్తడు. మల్లొస్తె వాడేడికి పోవాలె? గందుకని ఉన్నోళ్ళం తలా ఇంత వాని పేరు మీద నేస్తున్నం. ముందునుంచి మాకు గిట్లనే నడుస్తది. కూలి నేసినోనికే, పేరు వానిది."

పోశయ్య బామ్మర్ది అప్పుడు గుర్తొచ్చాడు. ఎనిమిదివందల కిలోమీటర్ల వెనక, ఎదుటి సీట్లో దొరికిన జవాబును పులిహోరతో పాటు మింగేసి వచ్చానన్నమాట.

"మరి సేఠ్‌కు చెప్పొచ్చా?"

"ఓ సార్, జర ఆగుండ్రి" అంది స్వప్న. "టైప్ చేసింది నేను. లాగిన్ నాది. మీరు సంతకం తీసుకుని ట్రెయిన్ ఎక్కుతరు. ఇక్కడ నా వాట్ లగ్‌జాతీ, నౌకరీ పోతది."

చెప్పకపోతే నా పని అయిపోతుంది, చెబితే వాళ్ళది. నా డబ్బాలో మిగిలిన పులిహోర అలాగే ఉండిపోయింది. మాటిమాటికీ మాస్కు సర్దుకున్నాను, తప్పు మాస్కుదే అయినట్టు.

నర్సయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. "నువ్వు చెప్పకు సార్. చెప్తె చాడీ అయితది. నేనే వచ్చి చెప్త. మా ముచ్చట మేం చెప్తె వేరే ఉంటది."

నాలుగింటికి ముగ్గురం సేఠ్ గదిలో నిలబడ్డాం. నర్సయ్య తనకొచ్చిన హిందీలో అంతా చెప్పాడు. గంగారాం ఒక్కడే కాదు, అలాంటివాళ్ళు ఆరుగురని కూడా చెప్పాడు. ఆ మాట నాకూ కొత్తే.

"ఏడాది నుంచి నాకు అబద్ధం చూపిస్తున్నావా నర్సుభాయ్?"

"గుడ్డ అబద్ధం కాదు సేఠ్. మీటరు మీటరు కరెక్ట్. పేరొక్కటే."

సేఠ్ లేచి నిలబడ్డాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. మార్కెట్ నుంచి ఒక వ్యాపారి. సేఠ్ కోపాన్ని ఒక చేత్తో, ఫోన్‌ను ఒక చేత్తో పట్టుకుని, "స్వప్నాబెన్, జరీ అంచు గుడ్డ కేట్లా తయార్ ఛే?" అన్నాడు.

స్వప్న తెరవైపు తిరిగింది. "ఇరవై తాకాలు రెడీ. ఇంకో బీము సగం అయ్యింది. గురువారానికి వస్తది." తాకా అంటే సాంచె మీంచి దిగిన గుడ్డ చుట్ట, బీము అంటే సాంచెకు ఎక్కించే పడుగు చుట్ట.

సేఠ్ అదే మాట ఫోన్‌లో చెప్పి, ఆర్డర్ ఒప్పుకుని, పెట్టేశాడు. మళ్ళీ కోపం ఎక్కడ ఆపాడో వెతుక్కుంటున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"మిరపకాయ సేఠ్‌జీ. ఒక్కటి అడుగుతాను. రెండేళ్ళ కిందట ఈ ఫోన్ వస్తే ఏం చేసేవారు?"

"నర్సుభాయ్‌ని షెడ్డులన్నీ తిరిగి చూసి రమ్మనేవాణ్ణి."

"ఆయన వచ్చేలోగా?"

"పార్టీ ఇంకొకడికి ఫోన్ చేసేవాడు." ఆ మాట అన్నాక సేఠ్ ఫోన్ వైపు చూశాడు, తెర వైపు చూశాడు, కూర్చున్నాడు. ఆపేయమన్న దాన్ని ఆ రోజు ఎన్నిసార్లు అడిగాడో ఆయనకే లెక్క లేనట్టుంది. ఆ అలవాటు ఆయనకు తెలియకుండానే పట్టుకుంది.

సేఠ్ నర్సయ్యను అడిగాడు. "ఈ ఆరుగురూ తిరిగొస్తారా?"

"పేరుంటె వస్తరు. లేకుంటె పక్కూళ్ళు ఉన్‌కో, సచిన్‌కో పోతరు."

మనుషులు దొరకక రెండో షెడ్డులో సగం సాంచెలు ఆగి ఉన్నాయి. ఎవరు తిరిగొస్తారో ముందే తెలియడం ఆయనకు ఆ సంవత్సరం చిన్న సంగతి కాదు. నా వైపు తిరిగి, "ఇందులో రెండు పేర్లు పట్టవా? సాంచె ఎవరిది, నేసింది ఎవరు?" అన్నాడు.

"పడతాయి" అన్నాను. మా ఫారంలో సాంచెకు ఒకే పేరుకు చోటుంది. మనుషులే దాంట్లో ఇరుక్కుని కూర్చున్నారు. చీకటి పడకముందే రెండో గడి పెట్టాను. స్వప్న నా భుజం మీంచి చూస్తూ, "గిదేదో మొదలే పెడితే బాపుకు బీపీ రాకపోవు" అంది. సేఠ్ సంతకం పెట్టాడు, ఏడాదికి కాదు, ఆరు నెలలకు. "దెయ్యాలు దిగాయో లేదో చూసి మిగతాది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు. నాకు దొరికింది ఆర్‌ఏసీ. అంటే పక్క బెర్తు మీద ఇద్దరు. అవతలి సగంలో వాపీ దాకా పోయే ఒక పెద్దావిడ. అంత దగ్గరగా కూర్చోవడానికి ఇద్దరికీ భయమే. బల్సార్ స్టేషన్‌లో నీళ్ళకు దిగబోతూ తటపటాయించాను.

"జావ్ బేటా, మై జగా దేఖ్తీ హూఁ" అని నా సగంలో తన సంచీ పెట్టింది.

ప్లాట్‌ఫాం మీద ఉండగా స్వప్న ఫోన్. "సార్, గంగారాం కాకా ఊరి నుంచి కాల్ చేసిండు. ఆయన పేరు ఉందా పోయిందా అని."

"ఏం చెప్పావు?"

"సాంచె ఆయనదే, నిన్న నేసింది మా బాపు, రెండు పేర్లూ కనిపిస్తున్నయి అన్న. వచ్చే వారం బయల్దేరుతడట. టెస్టు చేయించుకుని రమ్మన్న."

సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజే లాభం కనబడుతుందని రెండేళ్ళ కిందట ఇదే రైల్లో వెళ్ళి సేఠ్‌కు చెప్పాను. నిజానికి మొదటి ఏడాది మనమే దానికి పని చేస్తాం. రెండో ఏడాది అది పని చేస్తుందో లేదో మనకు తెలియదు. షెడ్డులో మనుషులు ఒకరికొకరు చేసుకునేది దాంట్లో పట్టిన రోజు నుంచి లాభం మొదలవుతుందేమో. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూడాలి.

ఎక్కాక బాసుకు ఫోన్ చేశాను. "ఆరు నెలలకే ఇచ్చారు" అన్నాను.

అవతల క్యాలెండర్ కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది.

"సరే, రా" అన్నాడు.

పెద్దావిడ సంచీ తీసింది. నా సగంలో కూర్చున్నాను.