టాటానగర్ అగ్నిపర్వతం చూసి వచ్చాను

మా మేనకోడలు పైడిని కొత్త కాపురంలో దిగబెట్టడానికి తెల్లవారుజామున నాలుగున్నరకి పలాసలో మెయిలెక్కాం. సారె పెట్టె బరువు మహేంద్రగిరికి ఓ గుప్పెడు తక్కువ. ఒంటిగంటన్నరకి ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. వెళ్లేవాళ్లకి చిన్న సలహా: ఆ ప్లాట్‌ఫారం ఈ చివర గీసుకున్న గడ్డం ఆ చివరికి మాసిపోతుంది. పూరీ కూర మధ్యలోనే తినెయ్యండి.

ఆరున్నరకి టాటానగర్ వస్తోందనగా ఆకాశం ఎర్రబడింది. దూరాన ఓ నల్లటి గుట్ట మీంచి నిప్పు ఏరులా జారుతోంది. పదో తరగతి భూగోళంలో స్కూలు ఫస్టొచ్చిన పైడి నా మోచెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, అగ్నిపర్వతం పక్కన కాపురమేటి?"

ఎదురు సీట్లోని రైల్వే ఫిట్టరు, మన శ్రీకాకుళం మనిషే, నవ్వాడు. "అది స్లాగమ్మా. ఇనుం తీసేసేక మిగిలిన మడ్డి. రోజూ పోత్తారు."

అక్కడ పని చేసేది నీ మొగుడేనని నేను తెలివితక్కువగా అనేశాను. స్టేషన్ దాకా పిల్ల ఆ నిప్పునే చూస్తూ కూర్చుంది.

గోల్‌మురి పేటలో ఇల్లు ఒకటే గది. అల్లుడు సింహాచలం సెలవు పెట్టి అన్నం వండుతున్నాడు. ఏళ్ల తరబడి పడుకున్న కొండ ఉన్నట్టుండి ఎందుకు పేలుతుందని పైడి అడిగింది. ఎనిమిది తప్పిన అల్లుడు పొయ్యి మీద గిన్నె చూపించాడు. నీళ్లు పల్చగా ఉంటే బుడగలొచ్చి ఊరుకుంటాయట. గంజి చిక్కబడితే ఆవిరికి దారి దొరక్క మూత ఎగరేస్తుందట. నలభైమంది పండితులు కలిసినా ఇంత బాగా చెప్పలేరు.

"మరి మీ స్లాగు కింద తడుంటే?"

గరిటె ఆగింది. "పేల్తాది. తడి ఒక్కసారే ఆవిరైపోద్ది గదా. అందికే పొయ్యకముందు నేల చూడ్డానికో మనిషుంటాడు. ఆ మనిషిని నేనే."

పైడి అన్నం ముట్టలేదు. నాతోపాటే వెనక్కి వచ్చేస్తానంది.

మూడోరోజు పొద్దుట్నించీ తుంపర. పెట్టె గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. రెండు గంటల షిఫ్టుకి అల్లుడు సైకిలు తీశాడు.

"ఏటండీ, ఈయేల నేల రెండుసార్లు చూడండి."

"మూడుసార్లు చూత్తాను. డూటీ దిగి వచ్చేసరికి ఉంటావా?"

పైడి పెట్టెని ఈడ్చుకెళ్లి మంచం కిందికి తోసేసింది.

సాయంత్రం ఆరుంపావు బండికి ఒక్కణ్నే ఎక్కాను. బోగీలో జనం ఎర్రటి వింత కోసం కిటికీలకి అతుక్కుపోయారు. "ఆజ్ నహీఁ గిరాయా", ఇవాళ పొయ్యలేదే అని ఒకాయన నిట్టూర్చాడు. గుట్ట వానలో నల్లగా, చల్లగా నిలబడి ఉంది. అల్లుడు నేల చూసి వద్దన్నాడన్నమాట. అంత అందమైన కొండని నేను ఏడు ఖండాల్లోనూ చూడలేదు.