నా బదులు నమ్మినవాళ్లు

మూడేళ్ల క్రితం సంగతి. మాది పలమనేరు దగ్గర చిన్న లూథరన్ సంఘం. పాస్టరుగారు నాలుగు ఊళ్ల చర్చిలు చూసుకోవాలి కాబట్టి, ఈస్టరు తర్వాతి ఆదివారాల్లో వాక్య ధ్యానం మాలోనే ఒకరు చెబుతాం. ఆ ఏడు మొదటి ఆదివారం నా వంతు. యేసు చనిపోయి తిరిగి లేచాడంటే శిష్యుడు తోమా అనుమానపడిన భాగం.

ఈస్టరుకు ముందరి ఉపవాస దినాల్లో చాలావరకు నేను చిత్తూరు ఆసుపత్రిలో మా చెల్లెలి మంచం పక్కనే గడిపాను. సంఘమంతా దాని కోసం ప్రార్థించింది. అయినా ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారానికి ముందురోజు అది పోయింది. నాకు ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు. వంతు మార్చమని అడిగే ఓపికా లేక, నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లాను.

మైకు ముందు రెండు వాక్యాలు చదివి ఆపేశాను.

"ఇదంతా నాకే నమ్మబుద్ధి కావట్లేదు" అనేశాను. ఆ మాట చర్చి అంతా వినిపించింది. సిగ్గుతో కాగితం మడిచేశాను.

ముందు చాప మీద కూర్చున్న సారమ్మవ్వ, ఇంటింటికీ పాలు పోసే మనిషి, చెయ్యి చాపింది.

"నమ్మబుద్ధి కాకుంటే పోనీలే పాపా, వచ్చి ఈడ కూసో. ఈ వారం నీ బదులు మేము నమ్ముతాములే."

నన్ను కూర్చోబెట్టి, తను లేచి, 'నమ్ముచున్నాను' అంటూ ప్రతి ఆదివారం అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం మొదలుపెట్టింది. అందరూ లేచి అందుకున్నారు. ఆమె చెయ్యి నా తల మీదే ఉంది.

ఆ తర్వాత ఐదు ఆదివారాలు ఆ ప్రమాణం దగ్గర నాకు నోరు పెగల్లేదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నాకు వినపడేలా కాస్త గట్టిగా చెప్పారు, అంతే.