మూత వెనక రాతలు

విన్నిపెగ్ ఉత్తరపు పేటలో ఓరెస్ట్ మాట ఎవరెత్తినా ముందు ఆయన చేతుల గురించే చెప్పేవాళ్లు. నలభయ్యేళ్లు ఇంటింటి నేలమాళిగలోకీ దిగి చలికాలం ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసులు శుభ్రం చేసిన చేతులు మరి. మంట రంగు చూసి రోగం చెప్పేసేవాడు. డెబ్బై దాటాక ఇళ్లన్నీ శిష్యుడు డార్సీకి అప్పజెప్పాడు, ఒక్క చెల్లెలు స్టెఫ్కా ఇల్లు తప్ప. నా ఒంట్లో ఊపిరున్నంతకాలం అది నాదే అన్నాడు. ఏటా అక్టోబరులో ఒక్క పూట పని. ఆయన ఇంకా పనివాడే అని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

ఈ ఏడూ వచ్చాడు. ఫిల్టరు మార్చాడు, ఫ్యాను దుమ్ము దులిపాడు, బర్నర్లు ఊడదీసి బ్రష్షుతో తోమి మళ్లీ బిగించాడు. గ్యాస్ తిప్పి, జాయింటుకి సబ్బునీళ్లు రాసి చూశాడు. బుడగ లేదు, అంటే గ్యాస్ కారడం లేదు. గొట్టానికి వేలాడే చీటీ మీద తేదీ వేసుకుని ఫర్నేసు మూత పెట్టబోతే అది చెయ్యిజారి వెల్లకిలా పడింది.

మూత వెనక నల్ల సిరాతో లావుపాటి అక్షరాలు. మూడేళ్ల తేదీలు. ప్రతి తేదీ ఆయన వచ్చి వెళ్లిన మర్నాడే. 'జాయింటు వదులు, బిగించాను.' 'పొగ గొట్టం ఊడి ఉంది, అమర్చాను.' 'మళ్లీ జాయింటే.' కింద డార్సీ సంతకం. చెయ్యిపెట్టిన చోటల్లా తేదీ రాయాలిరా, మెషీను దగ్గర అబద్ధం పనికిరాదు అని వాడికి నేర్పింది తనే. డార్సీ ప్రతి ఆదివారం ఓరెస్ట్ బల్ల దగ్గరే భోంచేసి, చెల్లెమ్మగారి ఫర్నేసు ఎలా ఉంది గురూ అని ఏమీ ఎరగనట్టు అడిగేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకేమిటి?

మూత పైకి పట్టుకెళ్లి వంటింటి బల్ల మీద పెట్టాడు. బంగాళదుంప కూరి ఉడకబెట్టే పెరోగీల్లోకి ఉల్లిపాయలు వేయిస్తున్న స్టెఫ్కా దాన్ని చూసి పొయ్యి కట్టేసింది.

"చెబితే నువ్వు రావడం మానేస్తావు, అన్నయ్యా" అంది.

"వాడికీ ఈ పెరోగీలే పెట్టావా?"

ఆవిడ చేతులు తుడుచుకుంది. "పెట్టాను."

పొగ గొట్టం ఊడితే విషపు గాలి నిండి ఈ ఇంట్లో నిద్రపోయిన మనిషి మళ్లీ లేవదని ఆయనకి తెలీకపోలేదు. అయినా కోపం ఆగలేదు. మూడేళ్లు నన్ను ముసలి పిల్లాణ్ణి చేసి ఆడించారు, నా వెనక తలుపు పడగానే వాణ్ణి పిలిచావు అని అరిచాడు. ఆ ఊపులోనే డార్సీకి ఫోన్ కొట్టాడు.

"రేపెందుకురా, ఇవాళే రా. నా కళ్ల ముందే చూడు, ఏం తప్పు పడతావో."

డార్సీ వచ్చాడు. మోకాళ్ల మీద కూచుని అదే జాయింటుకి సబ్బునీళ్లు రాసి లైటు పట్టాడు. కాసేపు చూశాడు.

"బుడగలొస్తున్నాయి గురూ. ఇదిగో, ఇక్కడ."

ఓరెస్ట్ కళ్లజోడు తుడుచుకుని వంగాడు. గొట్టం కనబడింది, డార్సీ వేలు కనబడింది, తడి మెరుపు కనబడింది. ఇంకా దగ్గరికి వంగాడు. మెట్ల మీద స్టెఫ్కా నిలబడి చూస్తోంది.

"కనబడుతున్నాయా?" అన్నాడు డార్సీ మెల్లిగా.

తడి మెరుపు తప్ప ఆయనకేమీ కనబడలేదు.

"ఆఁ, కనబడుతున్నాయి. బిగించు" అని తన రెంచీ వాడి చేతిలో పెట్టాడు.