కోడితో సహా రికార్డింగు

అసున్సియోన్ నగరం పుట్టిన దగ్గర్నుంచీ న్యా బ్రిహిదాకి కోపం రాని రోజు లేదని ఆవిడ శిష్యులంటారు. అందరికీ కోపం ఎదుటివాళ్ళ మీద వస్తే, ఆవిడకి ఎదుటివాళ్ళ వెనక వినిపించే చప్పుళ్ళ మీద వచ్చేది.

పల్లెలకి వెళ్ళే నర్సులకి ఆవిడ గ్వారనీ మాట్లాడటం నేర్పేది. పట్నంలో స్పానిష్‌తో పెరిగిన పిల్లలకి ఆ భాష రాదు. పల్లెల్లో రోగులకి అది తప్ప ఇంకోటి రాదు. అందుకని ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకున్నారు. ఎర్ర గుండీ నొక్కి మాట్లాడితే ఆ గొంతు ఆవిడకి చేరుతుంది. ఆవిడ జవాబూ గొంతుగానే వస్తుంది. శిష్యులు నిమిషం మాట్లాడితే ఆవిడ ఐదు నిమిషాలు తిట్టేది.

"ఒరేయ్ విల్‌ఫ్రిదో, నోట్లో చిపా రొట్టె కుక్కుకుని జ్వరం ఎప్పట్నుంచని అడుగుతావట్రా? రోగికి జ్వరం మాట దేవుడెరుగు, ఆకలేస్తుంది."

చివర్న ఎవరైనా మర్యాదకి 'గ్రాసియాస్' అని థాంక్స్ చెప్పారో, ఇంకా మండిపడేది. అక్కడ ఒకే గ్లాసులో అందరికీ వంతులవారీగా పోసే చల్లటి ఆకుల పానీయం తెరెరే తాగి, గ్లాసు తిరిగిస్తూ గ్రాసియాస్ అంటే, ఇక నాకు చాలు, పొయ్యకండి అని. "చాలా? నీ బోడి చదువుకి అప్పుడే చాలా?" అనేది.

సునీల్దా మీద మాత్రం ఆవిడకి ప్రత్యేకమైన కోపం.

"ఏమే, మిట్టమధ్యాహ్నం ఆ కోడి కూస్తోందేం? దానికి వేళ తెలీదా, నీకు కొయ్యడం తెలీదా?"

తర్వాతి పాఠానికి: "అయితే ఆ కోడి ఇంకా బతికే ఉందన్నమాట. నీకంటే అదే నయం, బట్టీపట్టి కూయదు. సరే, ఆ దగ్గేదెవరు?"

"మా నాన్న టీచరమ్మా" అని సునీల్దా మరుసటి రికార్డింగులో చెప్పుకుంది. చెప్పుకుంటుండగానే కోడి కూసింది.

సునీల్దాకి ఒళ్ళు మండిపోయింది. ఆమె పనిచేసే ఆసుపత్రి మూతపడింది. కాసాపా దగ్గర పల్లెలో ఆరోగ్య కేంద్రం వాళ్ళు తీసుకుంటామన్నారు గాని, రోగితో గ్వారనీలో మాట్లాడిన రికార్డింగు ఒకటి, ఎక్కడా కత్తిరించకుండా, న్యా బ్రిహిదా ఒప్పుకోలుతో శుక్రవారానికల్లా అందాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఆ మంట తండ్రి మీద చూపించింది. దోన్ సిప్రియానో పొద్దస్తమానం స్నేహితులిద్దరితో పెరట్లో కూర్చుని తెరెరే తాగుతూ కబుర్లాడుతుంటాడు.

"నాన్నా, మీ దర్బారు వీధిలోకి మార్చండి. మీ గోలంతా నా పాఠంలో పడుతోంది."

"ఏం పాఠమమ్మా?" అన్నాడాయన స్పానిష్‌లో.

"గ్వారనీ."

ముసలాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పీటలు పట్టుకుని, గ్వారనీలో గొణుక్కుంటూ వీధిలోకి నడిచారు. సునీల్దా కోడి మీద బుట్ట బోర్లించింది. బట్టల బీరువాలో దూరి తలుపేసుకుంది. చెరిపి, మళ్ళీ చెప్పి, మళ్ళీ చెరిపి, గొంతెండిపోయాక చీమ చిటుక్కుమనని రికార్డింగు ఒకటి పంపింది.

జవాబు ఈసారి చాలా చిన్నది. "కోడేదే? దగ్గేదే? అందర్నీ పాతిపెట్టావా?"

గురువారం మధ్యాహ్నం ఆవిడే బస్సు దిగింది. చంకలో మందాకుల కట్ట. వీధిలో కూర్చున్న ముసలాళ్ళని పీటలతో సహా లోపలికి తోలుకొచ్చింది.

సునీల్దా ఓపిక కూడా అయిపోయింది. "కోడి కూస్తే తప్పు, కూయకపోతే తప్పు. నన్నేం చెయ్యమంటారు టీచరమ్మా?"

"నీ పాఠం ఎవరికి కావాలే? నీ వెనక మాట్లాడే ఈయన కోసం విన్నాను ఇన్నాళ్ళూ. ఇలాంటి గ్వారనీ మా అమ్మతోనే పోయిందనుకున్నాను. ఆ కోడి అడ్డొచ్చి సరిగ్గా విననివ్వలేదనే నా ఏడుపు. ఇంట్లో బావి పెట్టుకుని బిందెతో ఊరంతా తిరుగుతావా? పైగా దగ్గు ఉన్నట్టుండి ఆగిపోతే, మనిషున్నాడో పోయాడో అని నేను చచ్చాను."

తర్వాత ఆయన మీదికి తిరిగింది. "మీకైనా ఉండక్కర్లేదా పెద్దాయనా? కూతురితో ఆ నాలుగు ముక్కలూ మాట్లాడితే నోరరిగిపోతుందా?"

దోన్ సిప్రియానో తల దించుకున్నాడు. "ఆ మాట మాట్లాడినందుకు మా బళ్ళో మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళేయించేవాడమ్మా పంతులు. పిల్లకెందుకులే అని."

న్యా బ్రిహిదా చంకలో ఆకుల కట్ట తీసి కింద పెట్టింది. "ఆ పంతులు ఉన్నాడా?"

"ఎప్పుడో పోయాడు."

"పోయి బతికిపోయాడు."

మందాకులు తనే దంచి చల్లటి నీళ్ళలో వేసింది. పీటల మధ్య ఫోను పెట్టి ఎర్ర గుండీ నొక్కింది. "ఈయన రోగి, నువ్వు నర్సువి. కానివ్వు."

ఎక్కడ నొప్పని సునీల్దా తడబడుతూ గ్వారనీలో అడిగింది. ఆయన మొదట ఫోనుతో, తర్వాత కూతురితో, ఆ భాషలో మొట్టమొదటిసారి మాట్లాడాడు. తెల్లవారుజామున ఛాతీ పట్టేస్తోందన్నాడు. స్పానిష్‌లో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. సునీల్దా పరీక్ష సంగతే మర్చిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా?" అని వచ్చీరాని గ్వారనీలోనే కేకలేసింది. స్నేహితులు నవ్వుతూ ఆమె మాట సరిదిద్దారు. బుట్ట కింద కోడి కూసింది.

"పంపు" అంది న్యా బ్రిహిదా.

"కోడి పడింది టీచరమ్మా."

"కోడితో సహా పంపు. పల్లెలో కోళ్ళుండవనుకున్నావా?"

ఉద్యోగం వచ్చింది. వెళ్ళేలోపు సునీల్దా తండ్రిని డాక్టరుకి చూపించింది, దగ్గు నెమ్మదించింది. ప్రయాణం ముందురోజు న్యా బ్రిహిదా మళ్ళీ వచ్చి, కోడిని నోరారా తిట్టి, తనే అందరికీ తెరెరే పోసింది. సునీల్దా తాగి గ్లాసు తిరిగిచ్చింది. ఆవిడకి చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది.

ఆవిడ కళ్ళెర్రజేసింది. "అన్నావంటే మళ్ళీ పొయ్యను."

సునీల్దా నోరు మూసుకుని చెయ్యి చాపింది. ఆవిడ గొణుక్కుంటూ గ్లాసు నింపింది.