బర్రె తప్పిపోయిన దినం

ఇరవై రెండేళ్లప్పుడు నా దగ్గర పోగొట్టుకోవడానికి ఉన్నవే తక్కువ. అయినా ఆ సెప్టెంబర్ పదిహేడున ఒక్క పూటలో మూడు పోయాయి: బురదలో కుడికాలి చెప్పు, చేతికందిన కొలువు, నా లెక్క తప్పదన్న గర్వం. (చెప్పు మర్నాడు దొరికింది.) బోధన్‌లో ట్యూషన్లు నడిపే కోచింగన్న, సొంతంగా లెక్కలు నేర్చుకున్న నన్ను పంతులుగా పెట్టుకుంటానన్నాడు. షరతు ఒక్కటే: హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిన రోజును కళ్లారా చూసిన మనిషిని జెండా పండుగకు తేవాలి. మా బాపు తల్లికి, అంటే మా అవ్వకు, రాజ్యం కలిసిన ఏడాది పదేళ్లు. లెక్క కుదిరింది, అవ్వను ఆటో ఎక్కించాను.

తీరా వెళ్తే అక్కడ పెద్ద పంచాయితీ. ఆ రోజును 'విమోచనం' అనాలని కోచింగన్న, 'విలీనం' అనాలని ఆయన బావమరిది. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చివరికి అవ్వ నోట ఏది వస్తే బ్యానరు మీద అదే రాయాలని ఒప్పుకున్నారు. పెయింటరు కుంచె ముంచి నిలబడ్డాడు. కోచింగన్న మైకు జరిపి, "చెప్పవ్వా, గది ఏం దినం?" అన్నాడు.

"ఏం దినమేంది బిడ్డా? మా బర్రె తప్పిపోయిన దినం."

జనం గొల్లుమన్నారు. "అవ్వా, ఇండియా మిలిట్రీ వచ్చిన ముచ్చట చెప్పే!" అని చెవిలో బతిమాలాను.

"గదే చెప్తున్న గదరా! లారీల సప్పుడుకే బర్రె బెదిరి చెరుకుల జొచ్చె. అందరు లారీల దిక్కు ఉరికిండ్రు, నేను చెరుకులకు ఉరికిన."

ఇక ఆమె ఆగలేదు. తల దాటిన చెరుకు, ఆకుల మీద వాన నీళ్లు, దూరంగా జైకొట్టే గొంతులు, దగ్గర్లో మెడగంట. అటు వెళ్తే గంట ఇటు మోగేదట. నవ్విన జనమే కదలకుండా విన్నారు. కుంచె మీద రంగు ఆరిపోయింది.

"దొరికిందా అవ్వా?" అని ముందు వరస నుంచి ఎవరో అడిగారు.

"ఏడ దొరికె! కొడ్తడని మా బాపుకు కనవడకుండ గట్టు మీద కూసున్న. ఆయననే ఎతుక్కుంట వచ్చిండు. తిట్టలే. 'బర్రె పోతె పోనీయ్, ఇయ్యాల్టి సంది ఎవ్వనికి భయపడుడు లేదు బిడ్డా' అన్నడు."

బావా బావమరుదులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యానరు ఖాళీగానే ఎగిరింది. "సాక్షిని తెమ్మంటే బర్రెను తెచ్చినవ్ గదరా!" అని కళ్లు తుడుచుకుంటూనే కోచింగన్న నా కొలువు కొట్టేశాడు.

ఆ తేదీకి పేర్లు ఇంకా మారుతూనే ఉన్నాయి. అవ్వ లేదు, చెరుకున్న చోట వరి పచ్చగా ఊగుతోంది. ఆ దారిన పోతూ బండి నెమ్మది చేసి, ఆ మెడగంట వినబడుతుందేమోనని చూసే నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. నా లెక్కలో రాజ్యం కలిసింది, భయం చెల్లయింది. అవ్వకు రావలసిన బర్రె మాత్రం ఇంకా ఒకటి బాకీ.